తెగేదాకా లాగి చూస్తే

తెగేదాకా లాగొద్దని పెద్దలంటారు. లోహాల గుట్టు తేల్చే పనిలో ఉన్నవాళ్ళకి మాత్రం తెగేదాకా లాగడమే ఉద్యోగం. అందుకు కావలసిందల్లా రెండు కొసలూ లావుగా, నడుమ సన్నగా ఉండేలా లేత్ మీద తిప్పి తీసిన చిన్న కడ్డీ. దాన్ని యంత్రం దవడల్లో బిగించి, నిమిషానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున దవడల్ని ఎడంగా జరుపుతారు. ఎంత బలానికి ఎంత సాగిందో చూపిస్తూ పక్కనే ఒక గీత నడుస్తుంటుంది. చివరికి కడ్డీ ఠప్పున తెగుతుంది, గీత ఆగిపోతుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు ‘యూటీఎం’ అని పిలుచుకునే యంత్రం ఇదే. అక్కడ ఎక్కువగా లాగేది మైల్డ్ స్టీలు కడ్డీని. పాఠానికి అది అనువైన సరుకు. ఇదిగో, ఇక్కడ లొంగిపోయాను అని ఒప్పుకున్నట్టు గీతలో ఒక మెట్టు కనిపిస్తుంది. అల్యూమినియం అలా ఒప్పుకోదు. దాని గీత నిటారుగా ఎక్కుతూ ఎక్కుతూ, ఎక్కడని వేలు పెట్టి చూపించలేనంత మెల్లగా పక్కకి వాలుతుంది. అందుకని ఇంజనీర్లు తమలో తాము ఒక ఒప్పందానికి వచ్చారు. బరువు తీసేశాక 0.2 శాతం సాగుడు శాశ్వతంగా మిగిలిపోయేలా చేసే ప్రతిబలాన్నే దాని ‘ప్రూఫ్ స్ట్రెస్’గా లెక్క వేస్తారు.

ప్రతిబలం అంటే అడ్డుకోత వైశాల్యం మీద సర్దుకున్న బలం. దాన్ని మెగాపాస్కల్స్‌లో కొలుస్తారు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న తీగకి పది కిలోల బరువు వేలాడదీస్తే ఆ తీగ మీద పడేది సుమారు 100 మెగాపాస్కల్స్. ఈ అధ్యాయంలో వచ్చే అంకెలన్నిటికీ ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు.

గీత నిటారుగా ఉన్నంతసేపూ లోపల పెద్దగా జరిగేదేమీ లేదు. పరమాణువుల మధ్య బంధాలు కొద్దిగా సాగుతాయి, వదిలేస్తే వెనక్కి వస్తాయి. ఈ దశలో తేలిక లోహాలు ఉక్కుకన్నా మెతక. 100 మిల్లీమీటర్ల పొడవున్న కడ్డీ మీద 100 మెగాపాస్కల్స్ పడితే ఉక్కు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు సాగుతుంది. అల్యూమినియం దానికి దాదాపు మూడింతలు, మెగ్నీషియం నాలుగింతలకు పైగా సాగుతాయి. విచిత్రం ఏమిటంటే, ఏం కలిపినా ఈ మెతకదనం దాదాపు మారదు. సాగకుండా నిలిచే బిగువుని కొలిచే ‘యంగ్ గుణకం’ స్వచ్ఛమైన అల్యూమినియానికి 70 గిగాపాస్కల్స్ (ఒక గిగాపాస్కల్ అంటే వెయ్యి మెగాపాస్కల్స్). అంతకు పది రెట్లకు పైగా బలమున్న విమానాల రకం అల్యూమినియానిది 72. అరుదైన మినహాయింపు లిథియం. బరువులో ఒక్క శాతం లిథియం కలిపితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గి, గుణకం సుమారు 6 శాతం పెరుగుతుంది. 1998లో అమెరికా స్పేస్ షటిల్ బయటి ట్యాంకుని ఇలాంటి లోహంతో చేసినప్పుడు మూడు టన్నులకు పైగా బరువు తగ్గింది.

గీత పక్కకి వాలిన చోటునుంచి కథ వేరు. అక్కడ స్ఫటికంలో ఒక పొర మీద మరొక పొర జారడం మొదలవుతుంది. దీన్ని కళ్ళారా తేల్చింది లండన్‌లో కాన్‌స్టన్స్ ఎలామ్ అనే యువతి. మామూలు లోహపు ముక్కలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు అన్ని దిక్కులకూ తిరిగి ఇరుక్కుని ఉంటాయి. వాటి గోలలో ఏది ఎటు జారిందో తెలియదు. 1921లో ఎలామ్, ఆమె ప్రొఫెసరు హెరాల్డ్ కార్పెంటర్ కలిసి, అల్యూమినియం నమూనాని కొద్దిగా లాగి, ఆ తర్వాత వేడిమీద ఉంచి, మొత్తం ఒకే ఒక స్ఫటికంగా మార్చే పద్ధతి కనిపెట్టారు. అలాంటి ఒంటి స్ఫటికాన్ని భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్‌తో కలిసి ఆమె లాగి చూసింది. 1923లో రాయల్ సొసైటీ బేకరియన్ ఉపన్యాసంగా ఆ ఫలితాలు వచ్చాయి. స్ఫటికం ఎలాపడితే అలా సాగడం లేదు. పరమాణువులు బాగా దగ్గరగా పేర్చుకున్న పొరల మీద, అవి దగ్గరగా వరుస కట్టిన దిశలోనే జారుతోంది.

అయితే ఒక లెక్క కుదరలేదు. పొర మొత్తం ఒకేసారి పక్క పొర మీద జారాలంటే ఎంత బలం కావాలో 1926లో రష్యన్ శాస్త్రవేత్త యాకొవ్ ఫ్రెంకెల్ అంచనా కట్టాడు. ఆ పద్ధతిలో అల్యూమినియానికి సుమారు 4,000 మెగాపాస్కల్స్ వస్తుంది. నిజమైన స్వచ్ఛ స్ఫటికం ఒక మెగాపాస్కల్ దగ్గరే జారిపోతుంది. వేల రెట్ల తేడా అంటే కొలతలో పొరపాటు కాదు, ఆలోచనలోనే ఏదో లోపం ఉన్నట్టు.

పెళ్ళిపందిట్లో పరిచిన పెద్ద జంపఖానాని జానెడు దూరం జరపాలంటే కొస పట్టి మొత్తాన్ని ఈడ్చరు. ఒక కొసన ముడత లేపి, ఆ ముడతని రెండో కొసదాకా నెట్టుకుంటూ పోతారు. స్ఫటికంలోనూ జరిగేది అదేనని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి ముగ్గురూ ఎవరికి వారే చెప్పారు. పరమాణువుల వరుసల్లో ఒక సగం వరుస ఎక్కువై, అమరిక తప్పిన గీత ఒకటి ఉంటుంది. దాని పేరు డిస్లొకేషన్. అది ఒక మూలనుంచి మరో మూలకి పాకితే పై పొర ఒక్క పరమాణువంత పక్కకి జరుగుతుంది. పొర మొత్తం ఒకేసారి బంధాలు తెంచుకోనక్కర్లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఇది కాగితం మీది బొమ్మగానే ఉంది. 1956లో కేంబ్రిడ్జ్‌లో హర్ష్, హోర్న్, వీలన్ పల్చటి అల్యూమినియం రేకుని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, డిస్లొకేషన్లు కదులుతుంటే చూశారు.

ఇక లోహాన్ని బలపరచడం అంటే డిస్లొకేషన్ల దారికి అడ్డం పడటమే. ఈ సూత్రం ఎవరికీ తెలియని రోజుల్లోనే ఒకాయన ఆ పని చేసేశాడు.

ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ 1906లో బెర్లిన్ దగ్గర అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి, కొంచెం మెగ్నీషియం కలిపి, వేడిచేసి నీళ్ళలో ముంచాడు. ఉక్కయితే ముంచగానే గట్టిపడుతుంది. ఇది పడలేదు. శనివారం ముంచి, కొలతలు సగంలో వదిలేసి, సోమవారం వచ్చి చూస్తే గట్టితనం ఎంతో పెరిగిందని చెబుతారు. ముంచినందుకు కాదు, ముంచాక ఊరికే పడి ఉన్నందుకు గట్టిపడింది. డ్యురాలుమిన్ పేరుతో అది జెప్పెలిన్ వాయునౌకల అస్థిపంజరం అయింది. 1919లో యుంకర్స్ సంస్థ పూర్తిగా లోహంతో చేసిన ప్రయాణికుల విమానం కూడా దీంతోనే.

ఊరికే పడి ఉన్నప్పుడు ఏం జరిగిందో తెలియడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1938లో ఫ్రాన్స్‌లో గీన్యె, బ్రిటన్‌లో ప్రెస్టన్ ఎక్స్‌రేలతో పట్టుకున్నారు. వేడిలో అల్యూమినియంలో కరిగిపోయిన రాగి పరమాణువులు, చల్లబడ్డాక అక్కడ ఇమడలేక మెల్లగా ఒకచోట చేరి, ఒక్క పరమాణువు మందమున్న చిన్న చిన్న బిళ్ళలుగా కూడతాయి. వాటి వెడల్పు కొన్ని నానోమీటర్లు మాత్రమే. డిస్లొకేషన్ వీటిని కోసుకుంటూ పోవాలి, లేదా చుట్టూ వంగి దాటాలి. రెండింటికీ ఎక్కువ బలం కావాలి. 1903లో రైట్ సోదరుల విమానానికి ఇంజను పెట్టెని 8 శాతం రాగి ఉన్న అల్యూమినియంతో పోతపోశారు. 1990లలో దాన్ని పరీక్షించినవాళ్ళకి అందులోనూ ఇవే బిళ్ళలు కనిపించాయి! విల్మ్‌కి మూడేళ్ళ ముందే పోతవేడిలో అనుకోకుండా ఏర్పడి, ఎవరికీ తెలియకుండా గాల్లోకి లేచాయన్నమాట.

ఇప్పటి అంకెలు చూడండి. మెత్తబరచిన వాణిజ్య స్వచ్ఛ అల్యూమినియం 35 మెగాపాస్కల్స్ దగ్గర లొంగి, 90 దాకా మోసి, దాదాపు 40 శాతం సాగి తెగుతుంది. రాగి ప్రధానంగా ఉన్న 2024 రకం 480 దాకా మోస్తుంది, 18 శాతం సాగుతుంది. జింకు, మెగ్నీషియం, రాగి కలిపి, 120 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచిన 7075 రకం 570 దాకా మోస్తుంది, కానీ 11 శాతమే సాగుతుంది. బలం పెరిగిన కొద్దీ సాగుడు తగ్గుతోంది. ఎందుకో ముందుముందు చూద్దాం.

మధ్యలో ఒక చిలిపి సంగతి. అల్యూమినియంలో మెగ్నీషియం మాత్రమే ముఖ్యంగా కలిపిన రేకుల్ని లాగితే గీత నున్నగా నడవదు. చిన్న చిన్న కుదుపులతో, ఎక్కుతూ జారుతూ పోతుంది. 1923లో పోర్తెవాఁ, లె షాతెలియే దీన్ని వర్ణించారు, వాళ్ళ పేరే దానికి ఉండిపోయింది. కరిగి ఉన్న మెగ్నీషియం పరమాణువులు మామూలు గది వేడిమిలోనే అటూ ఇటూ తిరగగలవు. ఆగిన డిస్లొకేషన్ చుట్టూ చేరి దాన్ని కట్టిపడేస్తాయి. బలం పెరిగితే డిస్లొకేషన్ల గుంపు మొత్తం ఒక్కసారి తెంచుకుని పరిగెడుతుంది, మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ బందీ అవుతుంది. ఈ పరుగులు రేకు మీద పట్టీలుగా కనిపిస్తాయి, రంగు వేసినా దాగవు. అందుకే కార్ల తయారీదారులు ఈ రకం రేకుని తలుపు లోపలి భాగాలకి వాడి, బయటికి కనిపించే భాగాలకి మెగ్నీషియం, సిలికాన్ రెండూ ఉన్న 6000 శ్రేణి రేకుని వాడతారు. దానికో అదనపు సుగుణం ఉంది. అచ్చులో నొక్కేటప్పుడు మెత్తగా ఉండి, రంగు ఆరబెట్టే కొలిమిలో సుమారు 180 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది.

అల్యూమినియం ఇంత సులువుగా సాగడానికి కారణం దాని పరమాణువుల పేర్పు. అందులో డిస్లొకేషన్లు జారడానికి 12 దారులు ఉన్నాయి. మెగ్నీషియానికి ఆ భాగ్యం లేదు. దాని పరమాణువులు షడ్భుజాల పొరలుగా పేర్చుకుంటాయి. ఆ పొరల వెంబడి జారడం చాలా సులువు, మిగతా దిక్కుల్లో జారాలంటే మామూలు వేడిమి దగ్గర ఎన్నో రెట్ల బలం కావాలి. ఒక స్ఫటికం చుట్టూ ఉన్న స్ఫటికాలతో పాటు ఎటు కావాలంటే అటు ఆకారం మార్చుకోవాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు దారులు ఉండాలని ఫాన్ మీజెస్ 1928లో చూపించాడు. మెగ్నీషియంలో సులువైనవి రెండే. మిగిలిన లోటుని అది మరో రకంగా పూడ్చుకుంటుంది. స్ఫటికంలో ఒక భాగం ఉన్నపళంగా సుమారు 86 డిగ్రీలు తిరిగిపోతుంది, పక్క భాగానికి అద్దంలో ప్రతిబింబంలా. దీన్ని ట్వినింగ్ అంటారు. ఇది ఒక దిక్కుకే పనిచేస్తుంది. రోలర్ల కింద నడిపిన మెగ్నీషియం రేకులో పొరలన్నీ రేకుకి సమాంతరంగా పడుకుని ఉంటాయి. అలాంటి రేకుని పొడవునా నొక్కితే ట్వినింగ్ జరిగి సులువుగా లొంగుతుంది. లాగితే ట్వినింగ్ సహకరించదు, అందుకని ఎక్కువ బలానికి గానీ లొంగదు. ఒకే రేకుకి లాగితే ఒక బలం, నొక్కితే మరొక బలం! డిజైన్ చేసేవాళ్ళకి ఇంతకన్నా తలనొప్పి ఉండదు. పైగా తెగేముందు ఎక్కడా చెప్పుకోదగ్గంత సన్నబడకుండా, ఏటవాలుగా హఠాత్తుగా తెగుతుంది. సుమారు 225 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే మూసుకున్న దారులు తెరుచుకుంటాయి, అందుకే మెగ్నీషియం రేకుని వేడిమీద వంచుతారు. ఇట్రియం, సీరియం వంటి విరళ మృత్తికా మూలకాలు కాస్త కలిపితే పొరలు అన్నీ ఒకేవైపు పడుకోవడం తగ్గి, రేకు మామూలు వేడిమిలోనూ మెరుగ్గా సాగుతుంది.

టైటానియం పేర్పు కూడా షడ్భుజాలదే అయినా, దాని స్ఫటికం నిలువునా కాస్త పొట్టి. ఆ కాస్త తేడాతో పక్క ముఖాల మీద జారడం సులువై బయటపడింది. దాని శత్రువు ఆక్సిజన్. కొంచెం ఉంటే బలం, మరికొంచెం ఉంటే పెళుసు. ఎక్కువ వాడకంలో ఉన్న 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం రకంలో ఆక్సిజన్ 0.2 శాతం మించకూడదు, సున్నితమైన పనులకి 0.13 శాతం. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ఈ మిశ్రలోహాల్ని కరిగించే పనిలో ఉంది. కేరళలోని చవరలో టైటానియం స్పాంజి, అంటే ముడి లోహం, తయారయ్యే పద్ధతి కూడా హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌లో రూపుదిద్దుకున్నదే.

ఇప్పుడు తెగడం సంగతి.

లాగుతున్న కడ్డీలో రెండు పనులు పోటీపడుతుంటాయి. సాగే కొద్దీ డిస్లొకేషన్లు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి, లోహం గట్టిపడుతుంది. అదే సమయంలో కడ్డీ సన్నబడి, మిగిలిన మందం మీద ప్రతిబలం పెరుగుతుంది. గట్టిపడటం ముందున్నంతసేపూ ఎక్కడైనా కాస్త సన్నబడితే ఆ చోటు గట్టిపడి, సాగుడు పక్కకి తప్పుకుంటుంది. సన్నబడటం ముందుకు పోయిన క్షణాన సాగుడంతా ఒకేచోట చేరి, అక్కడ నడుము పడుతుంది. ఆ క్షణాన్ని లెక్కతో చెప్పింది ఫ్రెంచ్ ఇంజనీరు కాన్‌సిడేర్, 1885లో. బలం పెరిగిన కొద్దీ సాగుడు ఎందుకు తగ్గుతుందన్న ఇందాకటి ప్రశ్నకి జవాబులో సగం ఇక్కడే ఉంది. బాగా బలమైన లోహంలో ప్రతిబలం మొదటినుంచే ఎక్కువ, దానితో పోలిస్తే గట్టిపడే వేగం తక్కువ. కనుక ఆ క్షణం తొందరగా వచ్చేస్తుంది.

మిగతా సగం నడుము లోపల ఉంది. నడుము పడ్డచోట కడ్డీ నడిబొడ్డు లోహం పొడవునా మాత్రమే కాదు, అడ్డంగానూ అన్ని వైపులకీ లాగబడుతుంది. అక్కడ ఏదైనా గట్టి కణం ఉంటే, చుట్టూ ఉన్న లోహం సాగినట్టు అది సాగలేదు. అది పగులుతుంది, లేదా లోహంనుంచి ఊడివస్తుంది. ఆ చోట ఒక ఖాళీ గుల్ల ఏర్పడుతుంది. గుల్ల పెరుగుతుంది, పక్క గుల్లతో కలుస్తుంది, నడిమధ్యన ఒక పగులు అవుతుంది. చివరికి మిగిలిన అంచు 45 డిగ్రీల ఏటవాలుగా కోసుకుపోతుంది. తెగిన ముక్కల్లో ఒకటి గిన్నెలా, రెండోది దానిలో ఇమిడే శంకువులా కనిపించడానికి కారణం ఇదే. పగులు బయటినుంచి లోపలికి వస్తుందని అనుకోవడం సహజం, సాగే లోహాల్లో జరిగేది తలకిందులు.

గుల్లలు కణాల దగ్గర పుట్టి, కలిసి, తెగడానికి దారితీస్తాయని 1949లో స్పష్టంగా రాసింది కాన్‌స్టన్స్ టిప్పర్. ఈమె ఎవరో కాదు, 1923 నాటి ఎలామ్. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన జార్జ్ టిప్పర్‌ని పెళ్ళాడి ఇంటిపేరు మార్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కట్టిన లిబర్టీ ఓడలు నడిసముద్రంలో పగిలిపోతుంటే, తప్పు వెల్డింగుది మాత్రమే కాదని, చలికి ఉక్కే పెళుసుబారుతోందని తేల్చిందీ ఆమే. తెగిన లోహపు ముఖాన్ని స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మొదట చూసినవాళ్ళలోనూ ముందుంది. ఆ యంత్రం కింద చూస్తే తెగిన చోటంతా చిన్న చిన్న గుంటలు, గుంట అడుగున అప్పుడప్పుడూ దోషి కణం ఇంకా కూర్చునే ఉంటుంది. సాగడం ఎలా మొదలవుతుందో, తెగడం ఎలా ముగుస్తుందో, రెండు కొసల్నీ ఒకే మనిషి చూడటం శాస్త్రంలో తరచుగా జరగదు. ఆమెకి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

అన్నట్టు చలికి పెళుసుబారే జబ్బు అల్యూమినియానికి లేదు. సున్నాకి 250 డిగ్రీలు కిందికి పోయినా డిస్లొకేషన్లు కదులుతూనే ఉంటాయి, బలం పెరుగుతుంది కూడా. శ్రీహరికోటనుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ క్రయోజెనిక్ దశలో ద్రవ హైడ్రోజన్ ట్యాంకుని రాగి 6 శాతం పైగా ఉన్న 2219 అల్యూమినియంతో చేసేది అందుకే.

బలం ఇచ్చే కణాలూ, తెంచే కణాలూ వేరు వేరు అన్నది ఇప్పటికి తెలిసిపోయి ఉంటుంది. బలం ఇచ్చేవి నానోమీటర్లలో ఉంటాయి. తెంచేవి వాటికన్నా వెయ్యి రెట్లు పెద్దవి, ఒకటినుంచి ఇరవై మైక్రాన్లు. ఆ పెద్దవాటిలో చాలా భాగం ఇనుము, సిలికాన్ చేసిన నిర్వాకం. ఘన అల్యూమినియంలో ఇనుము మహా అయితే 0.05 శాతం కరుగుతుంది. మిగిలిందంతా పోతపోసినప్పుడే గట్టి సమ్మేళనాలుగా వేరుపడుతుంది. తర్వాత ఎంత వేడిచేసినా, ఎన్నిసార్లు రోలర్ల కింద నడిపినా అవి కరగవు, మహా అయితే విరిగి వరుసలు కడతాయి. 7075 రకంలో ఇనుము అరశాతం దాకా ఉండొచ్చు. దాని తమ్ముడు 7475లో 0.12 శాతమే అనుమతి. మిగతా కూర్పు దాదాపు అదే, లాగుడు బలమూ దాదాపు అదే. పగులుని తట్టుకునే శక్తి మాత్రం బాగా ఎక్కువ. విమాన తయారీదారులు ఆ కాస్త ఇనుము తగ్గించడానికి ఎక్కువ ధర పెడతారు. లాగుడు పరీక్షలో వచ్చే ఒక్క బలం అంకెని చూసి లోహాన్ని కొనేవాళ్ళకి ఈ తేడా కనిపించదు.

ఇంజను భాగాల పోత లోహంలో పరిస్థితి ఇంకా మొరటు. అక్కడ సిలికాన్‌తో కలిసిన ఇనుము పలకలుగా పెరుగుతుంది, కోస్తే పదునైన సూదుల్లా కనిపిస్తుంది. లాగినప్పుడు ప్రతి సూదీ సిద్ధంగా ఉన్న పగులే. మాంగనీసు కలిపితే ఆ సూదులు కొంచెం మొండిబారిన ఆకారాలుగా మారతాయి. వేగంగా చల్లారిస్తే చిన్నవిగా ఉంటాయి. ఇక్కడో తమాషా కూడా ఉంది. అచ్చులోకి ఒత్తిడితో పోతపోసేవాళ్ళు ఇనుముని పూర్తిగా వద్దనరు. ఒక శాతం దాకా ఉంటేనే అల్యూమినియం ఉక్కు అచ్చుకి అంటుకోకుండా వస్తుంది.

ఇదంతా పాత సామాను కరిగించేచోట పెద్ద ప్రశ్న అవుతోంది. తుక్కునుంచి అల్యూమినియం తీయడానికి ఖనిజంనుంచి తీయడానికి పట్టే శక్తిలో 5 శాతం చాలు. కానీ తుక్కుతో పాటు బోల్టులు, రివెట్లు, మేకులు కరిగి ప్రతి విడతకీ ఇనుము కొంచెం పెరుగుతుంది. ఒకసారి కలిసిన ఇనుముని చౌకగా తీసే ఉపాయం లేదు, కొత్త లోహం కలిపి పలచన చేయడమే. ఇంతకాలం ఇనుము కలిసిన ఆ తుక్కు లోహానికి గమ్యస్థానం పెట్రోలు, డీజిలు ఇంజన్ల పోతలు. ఎలక్ట్రిక్ కారుకి ఆ ఇంజను ఉండదు, దాని ఒంటికి కావలసింది సాగే రేకు. అందుకే ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో ఇనుముని తీసేయడం కన్నా, ఉన్న ఇనుము చేసే కణాల్ని గుల్లలు పుట్టించలేనంత చిన్నవిగా విడగొట్టడం ఎలాగన్న పని నడుస్తోంది. నమూనాని ఎక్స్‌రేల కింద పెట్టి లాగుతూ, గుల్ల పుట్టిన క్షణంనుంచి తెగేదాకా మూడు కొలతల్లో చూస్తున్నారు.